అదే స్తంభం మీద కరెంటుకు గడువుంది, ఫైబర్‌కు ఎందుకు లేదు?

ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ పాలకమండలి వారికి, రాష్ట్ర ఇంధన, మౌలిక వసతుల, పెట్టుబడుల శాఖ ఉన్నతాధికారులకు,



2025 ఫిబ్రవరిలో మీ సంస్థకు చైర్మన్‌గా ఉన్న జి.వి.రెడ్డి గారు విలేకరుల ముందు ఒక తీవ్రమైన ఆరోపణ చేశారు. కొత్త ప్రభుత్వం వచ్చి తొమ్మిది నెలలైనా ఫైబర్‌నెట్ ఒక్క కొత్త కనెక్షన్ కూడా ఇవ్వలేదన్నారు. ఆ తర్వాత రాష్ట్రమంతా మాట్లాడుకున్నది మాత్రం వేరే విషయాలు. చైర్మన్‌కూ మేనేజింగ్ డైరెక్టర్‌కూ మధ్య గొడవ, ఉద్యోగుల తొలగింపు, జీఎస్టీ జరిమానా. ఫిబ్రవరి 24న చైర్మన్ రాజీనామా చేశారు, ఎండీ బదిలీ అయ్యారు, అంతటితో అందరూ ఆ సంగతి వదిలేశారు. ఆ తొమ్మిది నెలల్లో కనెక్షన్ కావాలని అడిగినవాళ్ళు ఎందరు? ఏ ఊళ్ళవాళ్ళు? వాళ్ళకు ఎవరు, ఏమని జవాబు చెప్పారు? చైర్మన్ మాట నిజమైతే సంస్థ ఆ దరఖాస్తుదారులందరికీ సంజాయిషీ చెప్పుకోవాలి. మాట నిజం కాకపోతే, ఫలానా నెలలో ఇన్ని దరఖాస్తులు వచ్చాయి, ఇన్ని ఇళ్ళకు లైన్ ఇచ్చామని మర్నాడే ఒక పట్టిక విడుదల చేసి ఆ ఆరోపణను కొట్టేయాల్సింది. రెండూ జరగలేదు. సంస్థ అధ్యక్షుడి నోటి నుంచి వచ్చిన అంత పెద్ద మాటను సమర్థించడానికైనా ఖండించడానికైనా ప్రజల ముందు పెట్టే లెక్క లేకపోవడమే నన్ను ఈ ఉత్తరం రాయించింది. కొత్త కనెక్షన్ అడిగిన మనిషి మీ వ్యవస్థలో ఎక్కడా నమోదు కావడం లేదు. నా ఫిర్యాదు అదొక్కటే, మిగతావన్నీ దాని వెంట వచ్చేవే.

మీ తీగ వేలాడుతున్న స్తంభం దగ్గర మొదలుపెడతాను. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. నెలకు 149 రూపాయలతో మొదలయ్యే ప్యాకేజీలో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇంటికి వస్తాయన్నారు. భూమి తవ్వి వేస్తే వేల కోట్లయ్యే పనిని, కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల తీగ లాగి 333 కోట్ల అంచనాతో ముగించగలమని అప్పటి ప్రభుత్వం చెప్పింది. మెచ్చుకోదగ్గ ఆలోచనే. అయితే ఆ పొదుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? కరెంటు బిల్లులు కట్టిన జనం, పన్నులు కట్టిన జనం దశాబ్దాలుగా నిలబెట్టిన స్తంభాల నుంచి వచ్చింది. కుప్పంలోనైతే రెస్కో పేరుతో ఒక విద్యుత్ సహకార సంఘమే ఏర్పడి పల్లెపల్లెకూ లైన్లు లాగింది. ఆ స్తంభాలను వాడుకుంటున్న సంస్థ, వాటి మీద ఇప్పటికే అమల్లో ఉన్న మర్యాదను కూడా పాటించాలి కదా.

ఆ మర్యాద చట్టంలోనే ఉంది. ఇంటికి కరెంటు కావాలని యజమాని గానీ అద్దెకున్నవాళ్ళు గానీ దరఖాస్తు చేస్తే సరఫరా ఇచ్చి తీరాలని విద్యుత్ చట్టం 2003లోని 43వ సెక్షన్ పంపిణీ సంస్థకు బాధ్యత పెట్టింది. గడువు దాటితే రోజుకు వెయ్యి రూపాయల దాకా జరిమానా పడవచ్చని కూడా చెప్పింది. 2020లో కేంద్రం తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలు దరఖాస్తు అందగానే రిజిస్ట్రేషన్ నంబరుతో రసీదు ఇవ్వాలన్నాయి. మున్సిపాలిటీల్లో 15 రోజులు, గ్రామాల్లో 30 రోజులు గరిష్ఠ గడువుగా పెట్టాయి. 2024 ఫిబ్రవరిలో ఆ గడువులను 7 రోజులకు, 15 రోజులకు కుదించారు. పుంగనూరు పక్కన ఏదో పల్లెలో కొత్తగా ఇల్లు కట్టుకున్న కుటుంబాన్ని ఊహించండి. వీధి చివరి స్తంభం మీద కరెంటు తీగ ఉంది, దాని కిందే మీ ఫైబర్ ఉంది. కరెంటు కోసం వాళ్ళ చేతిలో ఒక నంబరు, ఒక తేదీ, ఆ తేదీ దాటితే అడిగే హక్కు ఉన్నాయి. ఫైబర్ కోసం ఏముంది? ఆపరేటర్ ఫోన్ నంబరు ఒక్కటే. రెండు తీగలనూ మోసేది ఒకే స్తంభమైనప్పుడు, రెండింటి వెనకా ప్రభుత్వ సొమ్మే ఉన్నప్పుడు, ఈ తేడాను మీరు ఏ న్యాయంతో సమర్థిస్తారు?

కనెక్షన్ ఎక్కడ ఆగిపోతుందో మీకు తెలియదనుకోను. అయినా జనం చూసే వైపు నుంచి ఒకసారి చూడండి. అడిగినవాళ్ళు ముందు కేబుల్ ఆపరేటర్ దగ్గరికి వెళ్ళాలి. ఆధార్ కాపీ, ఫొటో, దరఖాస్తు ఫారం ఇస్తారు. అక్కడి నుంచి పని నాలుగు చేతులు మారుతుంది. స్తంభం నుంచి ఇంటికి తీగ లాగడం ఆపరేటర్ పని. వీధిలో తీగను ఇళ్ళకు విడదీసే స్ప్లిటర్‌లో పోర్టు ఖాళీ ఉండాలి, లేకపోతే మరొకటి బిగించాలి. ఇంట్లో పెట్టే బాక్సు సంస్థ నుంచి రావాలి. చివరికి ఆ బాక్సు సీరియల్ నంబరును సర్వర్‌లో ఎక్కించి యాక్టివేషన్ ఇవ్వాలి. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి ఆగినా ఇంటివాళ్ళకు తెలిసేది ఒకటే, లైన్ రాలేదని. తీగ తెగిందా, పోర్టు లేదా, బాక్సు పాతదా, పై నుంచి యాక్టివేషన్ రాలేదా అన్నది వాళ్ళకు తెలిసే దారి లేదు. ఆపరేటర్‌ను అడిగితే బాక్సులు స్టాక్ లేవంటాడు, పై నుంచి రావాలంటాడు. ఆ పైవాళ్ళు ఎవరో ఆ ఇంటివాళ్ళకు తెలియదు. కాల్ సెంటర్‌కు చెబుదామంటే ఫిర్యాదుకు కస్టమర్ నంబరు అడుగుతారు. యాక్టివేషన్ కాకముందు కస్టమర్ నంబరు ఎక్కణ్ణుంచి వస్తుంది? పాత కనెక్షన్ చెడిపోతే ఫిర్యాదుకు చోటుంది. కొత్త కనెక్షన్ రాకపోతే ఫిర్యాదు చేయడానికి ఆ మనిషి ఇంకా మీ లెక్కలో పుట్టనే లేదు.

ఇది ఆపరేటర్ల పని, సంస్థకు సంబంధం లేదని మీలో కొందరు అనవచ్చు. ఆ వాదన నిలవదు. కేబుల్ ఆపరేటర్లను చివరి అంచెకు భాగస్వాములుగా ఎంచుకున్నది మీరే. వీధివీధీ తెలిసినవాళ్ళను, ఏళ్ళుగా ఆ ఇళ్ళకు టీవీ తీగ లాగినవాళ్ళను వాడుకోవడం తెలివైన నిర్ణయమే. కానీ బాక్సులు మీ చేతిలో, సర్వర్ మీ చేతిలో, ధర మీ చేతిలో, ఆదాయంలో ఎవరి వాటా ఎంతో తేల్చే అధికారమూ మీ చేతిలో ఉన్నాయి. ఆపరేటర్ దగ్గర మిగిలింది తీగ కట్ట, నిచ్చెన, జనం కోపం. బాక్సులు చాలడం లేదని, చెడిపోయినవాటికి మరమ్మతు లేదని రాష్ట్రమంతటా ఆపరేటర్లు పదేపదే మొరపెట్టుకున్నారు. వాళ్ళలో కొందరు ప్రైవేటు కంపెనీల లైన్లకు మళ్ళిపోయి ఉంటే తప్పు ఎవరిది? పైగా ఆపరేటర్ నిజంగానే తాత్సారం చేస్తున్నాడనుకుందాం. ఆ సంగతి మీకు తెలియాలంటే దరఖాస్తు వచ్చిన తేదీ మీ దగ్గర ఉండాలి. అది లేనప్పుడు మంచి ఆపరేటరూ చెడ్డ ఆపరేటరూ మీ కంటికి ఒకేలా కనిపిస్తారు. పని చేసేవాడికి మెప్పు లేదు, చేయనివాడికి భయం లేదు.

కొత్త కనెక్షన్‌కు గడువు ఉండాలన్నది నేను కొత్తగా కోరుతున్నదేమీ కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్ సేవల నాణ్యతకు నిబంధనలు రాసింది. డబ్బు కట్టించుకున్నాక 15 పనిదినాల్లో కనెక్షన్ ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకు 10 రూపాయల చొప్పున మొదటి బిల్లులో తగ్గించాలి అన్నది అందులో ఉండేది. ఆ నిబంధనల స్థానంలో కొత్తవి 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అయితే ఆ పాత నిబంధనలోనే ఒక పెద్ద కంత ఉండేది. సాంకేతికంగా సాధ్యమైతేనే ఆ గడువు వర్తిస్తుందన్నారు. మాట సబబే, తీగ లేని చోట పదిహేను రోజుల్లో లైన్ ఇమ్మంటే ఎవరి వల్లా కాదు. కానీ సాధ్యమో కాదో తేల్చేది ఎవరు? సేవ ఇవ్వాల్సిన సంస్థే. తేల్చిన సంగతి ఎవరికి చెబుతుంది? ఎవరికీ రాతపూర్వకంగా చెప్పదు. మీ వీధికి ఫీజబిలిటీ లేదని ఫోన్‌లో ఒక గొంతు అంటుంది, అక్కడితో దరఖాస్తు చచ్చిపోతుంది. ప్రైవేటు కంపెనీలూ ఇదే చేస్తున్నాయి. మదనపల్లెలో బెంగళూరు రోడ్డు పక్కన అపార్ట్‌మెంటుకు పోటీపడి లైన్లు లాగే కంపెనీలకు, ఊరి చివరి కాలనీ అనగానే సాధ్యాసాధ్యాలు గుర్తుకొస్తాయి. లాభం చూసుకుని నడిచే కంపెనీ అలా చేస్తే అర్థం చేసుకోవచ్చు. ఆ కంపెనీలు వెళ్ళని చోటికి వెళ్ళడానికే కదా ప్రభుత్వం మిమ్మల్ని పుట్టించింది? వాళ్ళలాగే మీరూ నోటిమాటతో పంపేస్తే మీ సంస్థకు వేరే అవసరం ఏముంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ళ పేర్లు ప్రత్యేకంగా ఎత్తడానికి కారణాలున్నాయి. మదనపల్లె నుంచి బెంగళూరు రెండు మూడు గంటల దారి. కుప్పం బెంగళూరు, చెన్నై రైలు మార్గం మీదే ఉంది. మూడు ఊళ్ళ పిల్లలూ చదువు ముగించి బెంగళూరుకే వలస పోతారు. ఇంటి నుంచే ఉద్యోగం చేసే వీలు దొరికితే అద్దెలు, ప్రయాణాలు తప్పుతాయి, ముసలి తల్లిదండ్రుల దగ్గర ఉండొచ్చు. ముఖ్యమంత్రి కూడా ఇదే చెబుతున్నారు. 2025 ఫిబ్రవరిలో, మీ సంస్థలో గొడవ రేగిన ఆ నెలలోనే, మహిళలకు పెద్ద ఎత్తున వర్క్ ఫ్రమ్ హోమ్ అవకాశాలు కల్పిస్తామని, ఊళ్ళలో పనిచోట్లు తెరిచే కంపెనీలకు ప్రోత్సాహకాలిస్తామని ప్రకటించారు. పని ఇంటికి రావాలంటే ముందు లైన్ ఇంటికి రావాలి. కంపెనీ ఉద్యోగంలో చేరే తేదీ చెబుతుంది, లైన్ వచ్చే తేదీ మాత్రం ఎవరూ చెప్పరు. తేదీ చెప్పలేని ఇంటి నుంచి పని చేస్తానంటే ఏ కంపెనీ ఒప్పుకుంటుంది? నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే ఇళ్ళున్నాయి. మగ్గం మీది చీరను వీడియోకాల్‌లో దూరాన ఉన్న కొనుగోలుదారుకు చూపించి అమ్ముకోగలిగితే నడుమ దళారి వాటా తగ్గుతుంది. మదనపల్లె టమోటా మార్కెట్ ధర చుట్టుపక్కల రైతుల వారం బతుకును నిర్ణయిస్తుంది, ఆ ధరను వాళ్ళు ఇంటి నుంచే చూసుకోగలగాలి. దివ్యజ్ఞాన కళాశాల మొదలుకొని ఇంజనీరింగ్ కాలేజీల దాకా చదువుల ఊరని పేరున్న మదనపల్లెలో విద్యార్థి అద్దెగదికి లైన్ కావాలంటే ఎన్నాళ్ళు పడుతుందో అధికారికంగా చెప్పగలవారు ఒక్కరైనా ఉన్నారా?

ఇక కుప్పం. సాంకేతిక ప్రయోగాలు ఆ ఊరికి కొత్త కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ పేరుతో సమాచార కేంద్రాలు తెరిచింది, పల్లె మహిళలకు డిజిటల్ కెమెరాలు, చిన్న ప్రింటర్లు ఇచ్చి ఫొటోలు తీసి సంపాదించుకోవడం నేర్పింది. దేశంలో చాలా ఊళ్ళు ఇంటర్నెట్ పేరు వినడానికి ముందే కుప్పం దాన్ని చూసింది. 2025 జనవరిలో స్వర్ణ కుప్పం విజన్ 2029 పత్రం విడుదలైంది, అదే ఏడాది జులైలో టాటా సంస్థ సాయంతో ఏరియా ఆసుపత్రిలో డిజిటల్ నర్వ్ సెంటర్ మొదలైంది. రోగి వివరాలు డిజిటల్‌గా భద్రపరచి, దూరాన ఉన్న వైద్యుల సలహా అందించే ఏర్పాటది. మంచి పని, నిండు మనసుతో స్వాగతిస్తాను. 1989 నుంచి ముఖ్యమంత్రి ప్రాతినిధ్యం వహిస్తున్న నియోజకవర్గంలో ఇలాంటివి ముందు రావడం సహజమే. కానీ ప్రయోగానికి ఎంపికైన ఊరికీ, మామూలు హక్కుతో సేవ పొందే ఊరికీ తేడా ఉంది. ప్రయోగం ఎవరో దయతలచి ఇస్తే వస్తుంది, వాళ్ళు వెళ్ళిపోతే పోతుంది. పుంగనూరుకు అటువంటి ప్రయోగాలు రాలేదు, రావాలని నేను అడగడమూ లేదు. అడిగిన ప్రతి ఇంటికీ తేదీతో జవాబు వచ్చే వ్యవస్థ ఉంటే పుంగనూరుకూ కుప్పానికీ ఒకే న్యాయం జరుగుతుంది. నాయకుడి ఊరా కాదా అన్న లెక్క దానికి అక్కర్లేదు.

ఫోన్లలో డేటా చవకగా దొరుకుతుంటే ఇంటికి తీగ ఎందుకన్న వాదన కూడా విన్నాను. ఒక టవర్ సామర్థ్యాన్ని ఆ చుట్టుపక్కల ఫోన్లన్నీ పంచుకోవాలి. సాయంత్రం అయ్యేసరికి వేగం పడిపోతుంది. ఇంట్లో ఒకరు క్లాసు వింటూ, ఒకరు ఆఫీసు మీటింగ్‌లో ఉంటే ఒక్క ఫోన్ హాట్‌స్పాట్ ఎంతవరకు మోస్తుంది? 2025 జనవరి 30న ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. సర్టిఫికెట్లు, బిల్లులు, ఫిర్యాదులు అన్నీ ఇక నెట్‌లోనే అంటున్న ప్రభుత్వం, ఆ నెట్ ఇంటికి రప్పించుకోవడం మాత్రం ఎవరి తిప్పలు వాళ్ళవి అనడం కుదరదు.

మీ వైపు నుంచి వచ్చే బలమైన అభ్యంతరాలు రెండు. సంస్థ అప్పుల్లో ఉంది, కనెక్షన్లు ఒకప్పటితో పోలిస్తే సగానికి పడిపోయాయి, ప్రతి కొత్త ఇంటికీ బాక్సు పెట్టుబడి ఎక్కణ్ణుంచి తేవాలన్నది మొదటిది. కష్టం నిజమే. ఎవరి హయాంలో ఎంత పాడైందన్న లెక్కలు తేల్చే పని కోర్టులదీ దర్యాప్తులదీ, నేనందులోకి పోను. కానీ నెలనెలా డబ్బు కడతామని తలుపు తట్టే కుటుంబాన్ని బయటే నిలబెట్టి ఏ సంస్థ అప్పుల నుంచి బయటపడింది? వేసిన తీగకు, నిలబెట్టిన సర్వర్లకు, జీతాలకు ఖర్చు కనెక్షన్ ఉన్నా లేకపోయినా అవుతూనే ఉంటుంది. ఆ భారాన్ని పంచుకోవడానికి వచ్చేవాడే కొత్త వినియోగదారుడు. బాక్సుకు డిపాజిట్ కట్టాలంటే కట్టేవాళ్ళున్నారు, వాయిదాల్లో కడతామనేవాళ్ళున్నారు. ఎంత కట్టాలో, ఎప్పుడు వస్తుందో రాసి ఇవ్వండి చాలు.

రెండోది మరింత ఆలోచించాల్సిన అభ్యంతరం. గడువు పెడితే అధికారులు, ఆపరేటర్లు కలిసి ప్రతి కష్టమైన దరఖాస్తునూ సాధ్యం కాదని కొట్టేస్తారు, జనానికి ఇప్పుడున్న ఆశ కూడా పోతుందంటారు. అలా జరిగే ప్రమాదం ఉందని ఒప్పుకుంటాను. అందుకే గడువు కంటే ముందు నేను అడుగుతున్నది రాతపూర్వక జవాబు. సాధ్యం కాదన్న మాటను కారణంతో, వీధి పేరుతో, తేదీతో రాసి ఇవ్వాల్సి వస్తే అబద్ధం చెప్పడం కష్టమవుతుంది. పక్కింట్లో లైన్ వెలుగుతుంటే మీ వీధిలో పోర్టు లేదని ఎవరూ సంతకం పెట్టలేరు. పెట్టినా దాన్ని పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. టెలికాం సేవల మీద ఫిర్యాదులు ఆ కమిషన్లు వినొచ్చని 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇక నిజంగా తీగ లేని వీధుల జాబితా మీకే పనికొస్తుంది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 1,39,579 కోట్లతో సవరించిన భారత్‌నెట్ పథకాన్ని ఆమోదించింది. గ్రామాలకు కోరిక మేరకు ఫైబర్ ఇవ్వడం, ఐదేళ్ళలో కోటిన్నర ఇళ్ళకు కనెక్షన్లు చేర్చడం అందులో భాగం. కోరిక ఎక్కడుందో చూపించే కాగితం లేకుండా ఢిల్లీ ముందు ఏం పెట్టి అడుగుతారు? కొట్టేసిన దరఖాస్తులను చేర్చి అచ్చువేస్తే అదే మీ నిధుల అభ్యర్థన అవుతుంది.

కనెక్షన్‌కు ఇలా హక్కు, గడువు కల్పించిన దేశాలున్నాయి. ఫిన్లాండ్ 2010 జులై 1 నుంచి కనీస వేగంతో బ్రాడ్‌బ్యాండ్ పొందడాన్ని ప్రతి పౌరుడి చట్టబద్ధమైన హక్కు చేసింది. బ్రిటన్‌లో 2019 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు, చెప్పిన రోజుకు కొత్త కనెక్షన్ మొదలుకాకపోతే అడగకుండానే రోజుకు ఐదు పౌండ్ల చొప్పున పరిహారం జమచేసే పద్ధతికి ఒప్పుకున్నాయి. అవి ధనిక దేశాలని పక్కన పెట్టొచ్చు. కేరళ మనలాగే విద్యుత్ స్తంభాల మీద తీగ లాగి 2023 జూన్‌లో కె-ఫాన్ ప్రారంభించింది. 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇస్తామన్న లక్ష్యానికి అది కూడా చాలా దూరంలో ఉంది. అయినా మొదటి విడతలో ప్రతి నియోజకవర్గానికీ వంద ఇళ్ళని లెక్క ముందే ప్రకటించింది. ఆ లెక్క ఉండబట్టే అక్కడి జనం ఎక్కడ ఎన్ని రాలేదో నిలదీయగలుగుతున్నారు.

కాబట్టి మీ ముందు పెడుతున్న కోరిక ఇది. దరఖాస్తును ఆపరేటర్ తీసుకున్నా, ఊరి సచివాలయంలో ఇచ్చినా, అదే రోజు మీ సర్వర్‌లో నంబరు పడాలి, ఆ నంబరు దరఖాస్తుదారు ఫోన్‌కు చేరాలి. బాక్సు కోసం ఆగితే బాక్సు అని, పోర్టు కోసం ఆగితే పోర్టు అని, ఎవరి దగ్గర ఆగిందో ఆ నంబరు కొట్టగానే కనిపించాలి. మున్సిపాలిటీలో ఏడు రోజులు, పల్లెలో పదిహేను రోజులు, కరెంటుకున్న గడువే దీనికీ పెట్టండి. కుదరకపోతే కారణం రాసి ఇవ్వండి, గడువు దాటితే మొదటి బిల్లులో తగ్గించండి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, మీ బోర్డు సమావేశంలో ఒక తీర్మానం చాలు. రాష్ట్రమంతా ఒకేసారి కష్టమనుకుంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం మున్సిపాలిటీలతో, వాటి చుట్టూ ఉన్న మండలాలతో మొదలుపెట్టండి. దానికి ముందు, 2025 ఫిబ్రవరి నుంచి ఈ మూడు చోట్ల కొత్త కనెక్షన్ కోసం ఎందరు అడిగారు, ఎందరికి ఇచ్చారు, ఎందరికి ఎందుకు ఇవ్వలేదు అన్న లెక్కను వచ్చే బోర్డు సమావేశంలోగా ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
చిత్తూరు పడమటి మండలాల పౌరుడు